ఆరున్నొక్కటి

బాదేపల్లి మార్కెట్ యార్డు వెనకాల
పల్లీ మిల్లుకు ఎదురుగ, రెండో అంతస్తుల
నా రూము. నెలకు పద్దెనిమిది వందలు.
పొద్దుగాల పాలిటెక్నిక్‌ల పాఠాలు,
రాత్రి పదైనంక పీహెచ్‌డీ.

బల్ల మీద ఒక బోర్డు. అరచేతి కన్న చిన్నది,
అంగట్ల తొమ్మిది వందల నలభై.
నా పని దాన్ని చెడగొట్టుడు.
లెక్క నడుస్తుండంగ ఎక్కడో ఒక్క దగ్గర
సున్నాను ఒకటి చేస్త, ఒకటిని సున్నా చేస్త,
ఏమైతదో చూసి రాసుకుంట.
పదివేల సార్లు.
మా అన్న అడుగుతడు,
"చెడగొట్టనీకె సర్కారు పైసలిస్తదా?"
ఇస్తలేదు. ఆర్నెల్లాయె ఫెలోషిప్ రాక.

తప్పు జరగాలంటే ఆకాశం కెల్లి
ఏ చుక్క పొట్టో రాలి పడాలని పేపర్లల్ల రాస్తరు.
ఇక్కడ అంత దూరం పోనక్కర్లేదు.
మిల్లుల మోటరు లేస్తే
నా ట్యూబులైటు ఒక్కసారి కండ్లు మూస్తది,
బోర్డు చేస్తున్న పని మర్చిపోతది.

పెద్ద పెద్ద సంస్థల ఉపాయం సులువైనది:
మూడు యంత్రాలు పెట్టు, మూడింటినీ అడుగు,
రెండు ఒక్కటే మాట అంటే అదే నిజం.
విమానాలకు బాగుంటది.
మిడ్జిల్ దవాఖానల సెలైన్ ఎక్కించే డబ్బాకు
మూడోది దేవుడెరుగు, రెండోది ఎవరు కొనిస్తరు?
అందుకే నా థీసిస్ పేరుల మొదటి మాట "చవకగా".
సెమినార్ల అది చదివినప్పుడు
ముందు వరసల ఒకాయన నవ్విండు.

పోయిన పల్లీ సీజన్ల ఒకనాడు
చాయకు దిగి కాంటా దగ్గర నిలబడ్డ.
దడవాయి కుర్మయ్య, అరవై దాటిన మనిషి,
కొత్త కాంటా దిక్కు సరిగ్గ చూడనే చూడడు.
బస్తా ఎత్తే హమాలీ మోకాళ్లు చూస్తడు.
ఎర్రటి అంకెలు ముప్పై అయిదు అన్నయి.
"ఆగు," అన్నడు కుర్మయ్య.
"ముప్పై అయిదుకు మన్నెంకొండ గట్ల వంగడు.
దించు. మళ్ల పెట్టు."
మళ్ల పెట్టిన్రు. ముప్పై ఎనిమిది.
ఎవరూ ఏం అనలే.
చాటకూలి ఈదమ్మ
కింద రాలిన కాయలు ఊడ్చుకుంట పోయింది.

నా చేతుల చాయ చల్లారింది.
నాలుగేండ్ల కెల్లి నేను
యంత్రం మీద యంత్రాన్ని కావలి పెడుతున్న.
ఈయన నడక చూస్తుండు.
ప్రతి లెక్కనూ రెండుసార్లు ఎందుకు చెయ్యాలె?
ఉన్నట్టుండి ఆయాసపడ్డదా,
తొవ్వ తప్పి ఎటో దుంకిందా,
ఎన్నడూ తట్టని తలుపు తట్టిందా,
అప్పుడు మాత్రం ఆగు, దించు, మళ్ల పెట్టు.
ఖర్చు రూపాయికి నాలుగు పైసలు.

నాలుగో అధ్యాయం అట్ల లేచింది.
"ఈ ఊహకు ఆధారం?" అని
గైడు మేడం మార్జిన్ల ఎర్రగ రాసింది.
ఆధారాల పట్టికల నూట పన్నెండు పేర్లున్నయి,
సంవత్సరం తోని, పేజీ నంబరు తోని.
కుర్మయ్యకు పేజీ నంబరు లేదు.
అంగీ జేబు మీద
లైసెన్సు బిళ్ల ఉంది, అంకె సగం చెరిగి.

రాత్రంత కూసుంటే తెల్లారేసరికి లెక్క తేలింది.
పదివేల తప్పులల్ల ఆరువేల చిల్లర
ఇసుకల నీళ్ల లెక్క ఇంకిపోయినయి.
కొన్ని బోర్డునే పండబెట్టినయి.
వాటి తోని భయం లేదు,
సచ్చినోడు అబద్ధమాడడు.
తక్కినవి నా కావలికి చిక్కినయి, కొన్ని తప్ప.
చప్పుడు చెయ్యకుండ,
తప్పు జవాబును ఒప్పు జవాబు లెక్కనే
చేతుల పెట్టి పోయినవి.
వాటిని వేలు పెట్టి లెక్కబెట్టిన. మళ్ల లెక్కబెట్టిన.
ఏ దవాఖానల, ఎవరి నరంల పడతయో
ఆ కొన్ని.

కిటికీ కింద కుర్మయ్య గొంతు,
మొదటి రాశి కాడ:
లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు...
ఏడుపును కాంటా కాడ నోట రానియ్యడు.
పట్టికల ఆఖరి గడి ఖాళీగ ఉంది.
అంకె వేసిన.
పైకి మాత్రం ఆయన తోనే అన్న,
ఆరున్నొక్కటి.