బల్ల కింది బుడ్లు

కరకోల్‌లో గ్యాసు బుడ్డి కావాలంటే
పెద్ద కొట్లలో అడక్కండి.
గొర్రెల సంత దాటాక
బూట్లు కుట్టే సాయ్‌రాగుల్ ఉంటుంది.

విమానంలోకి నిప్పును రానివ్వరు కదా,
కొండ దిగినవాళ్లు సగం కాలిన బుడ్లు
ఆమె గుమ్మంలో వదిలిపోతారు.
ఒక్కోదాన్నీ చెవి దగ్గర ఊపి
సత్తు బేసిను నీళ్లలో వేస్తుంది.
మెడ దాకా మునిగితే మూడొందల సోములు,
నడుం దాకా అయితే నూటయాభై.
పక్కకి ఒరిగి బాతుపిల్లలా తిరిగేదానికి
వెల చెప్పదు. బల్ల కిందకి తోసేస్తుంది.

మొన్నొక పోలండు కుర్రాడు బేరమాడాడు,
"ఎవరో పారేసిందేగా!"
ఆమె దారం పంటితో తెంపి అంది:
"పారేసేవాడైతే కొండమీదే పారేసేవాడు.
ఇక్కడిదాకా మోసుకొచ్చాడు."

జనవరిలో కరెంటు పోయిన రాత్రి
బల్ల కింద తడిమి ఒకటి తీసి
పొయ్యికి బిగించింది.
నీలంగా, పిల్లి గురకంత చప్పుడుతో
కాసేపు వెలిగింది.
నీళ్లు మరగనే లేదు.

ఏ భాషవాడి మిగులో, అనుకుంటూ
ఆ గోరువెచ్చని టీయే తాగింది.
విప్పబోతే
ఖాళీ బుడ్డి వేళ్లకి
మంచుగడ్డలా అంటుకుంది.