దోరగా

పాత గాజువాక జంక్షన్‌లో నాది నెట్ సెంటరు.
జెరాక్సు రెండు రూపాయలు, కలరైతే పది.
కరెంటు బిల్లులు, ఆధార్‌లో తప్పులు, హాల్ టికెట్లు
చూసి చూసి అరిగిపోయిన కళ్లు నావి.
అయినా ఇలాంటి అప్లికేషన్ ఎప్పుడూ తగల్లేదు:
రష్యాలో ఆరు వారాలుంచుకుని భాష నేర్పుతారట,
విమానం టికెట్టూ తిండీ వాళ్లవేనట,
దేశం మొత్తానికీ ఇరవై సీట్లట.

సూరాడ లోహిత, జిల్లా పరిషత్ హైస్కూలు, పదో తరగతి.
వెనకాలే వాళ్ల మామ్మ నూకరత్నం,
గంప మెట్ల మీద దించి
"ఏసీ ఉందేటి బాబూ" అంటూ స్టూలు లాక్కుంది.
షాపంతా నెత్తళ్ల వాసన.

ఫొటో యాభై కేబీ దాటకూడదు.
దాటింది. కుదించాను. మళ్లీ దాటింది.
నాలుగోసారికి పిల్ల ముక్కూ మొహం అలుక్కుపోయాక
సరే అంది కంప్యూటరు.
తండ్రి వృత్తి దగ్గర
వేట అని చెప్పబోయి ఆగింది.
పోర్టొచ్చాక పడవ ఇసకలోనే ఉందట.
"పోర్టులో కాంట్రాక్టు లేబర్ అని కొట్టండి."

ఈ భాషతో పూర్వ పరిచయం?
లేదు, కొంచెం, బాగా.
లేదు మీదకి బాణం జరుపుతుంటే
స్టూలు మీంచి మామ్మ అందుకుంది:
"అదీన్, ద్వా, త్రీ, చెతీరె, ప్యాత్."

మౌస్ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో
గంగవరం నుంచి సెక్టార్ల దాకా
రష్యా ఇంజినీర్ల ఇళ్లకి చేపలు మోసేదట.
"ఒకామె ఉండేది బాబూ, జుట్టు సూస్తే మొక్కజొన్న పీచు.
వంజరం తోక అట్టుకుని దోరగా, దోరగా అనేది.
దోరగా ఏపుకో తల్లీ, మాడ్సుకో తల్లీ,
నీ మూకుడు నీ ఇష్టం, నానేటి కాదంతానా అనేదాన్ని.
ఆ యమ్మ మొకం కందగడ్డయిపోయేది.
ఏడాదయ్యాక ఆళ్ల డ్రైవరు సెప్పాడు,
దోరగా అంటే ఆళ్ల భాషలో
ధర ఎక్కువ అని!
ఏడాది పొడుగునా బేరవాడింది పాపం.
నాను పైసా తగ్గించలేదు."

ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావు?
మూడొందల మాటల్లో, ఇంగ్లీషులో.
లోహిత తెచ్చిన కాగితంలో
ప్రపంచ శాంతి ఉంది, దేశాల మధ్య వారధి ఉంది,
ఏ మాస్టారిదో గుండ్రటి చేతిరాత ఉంది.
మడిచి బ్యాగులో పడేసి
మామ్మ గంపతో మొదలుపెట్టింది.

రెండో వాక్యంలోనే ఇరుక్కున్నాం.
దోరగా అన్నదానికి ఇంగ్లీషులో ఏం రాయాలి?
లైట్ అంటే తేలిపోయింది.
బ్రౌన్ అంటే రంగొచ్చింది, వాసన రాలేదు.
పంటికి కరకరలాడే జామకాయ,
సెగ తగిలిన వేరుశనగ గింజ,
పచ్చీ కాదు మాడిందీ కాదు...
కొట్టాం, చెరిపాం, కొట్టాం.
వెనక ఆధార్ కాగితాల వాళ్లు గొణుగుతున్నారు.
నింపించుకున్నవాళ్లే గానీ నన్ను ఇంతసేపు
ఒక్క మాట కోసం కూర్చోబెట్టినవాళ్లు లేరు.

చివరికి ఆ మాటని అలాగే ఉంచేసి
చుట్టూ ఒక పేరా కట్టింది పిల్ల.
రెండొందల తొంభై తొమ్మిది.
ఇంకొకటి రాసుకోవచ్చమ్మా అన్నాను.
"కొసరు" అంది.

మే నెలలో మెయిలొచ్చింది.
వెయిటింగ్ లిస్టు, పదకొండు.
రైలైతే పదకొండు కన్ఫర్మేనమ్మా అన్నాను.
నవ్వలేదు. పోనీలెండి అని కూడా అనలేదు.
రష్యా అక్షరాలు ముప్పై మూడూ
ఒక్క పేజీలో తీసివ్వమంది.

తీశాను. కాగితం ఇంకా వేడిగానే ఉంది.
మామ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని
పైనుంచి కింది దాకా చూసి,
ఎంత బాబూ అంది.
రెండు రూపాయలన్నాను.

కళ్లు చికిలించి, ఆ తెల్లామెలాగే
కాగితం కొస పట్టుకుని
"దోరగా" అంది.