పదిహేడో బద్ద

మార్‌స్టాల్ రేవు గడ్డకట్టిన వారం
రాగ్న తపాలా పెట్టె విప్పింది:
సన్నగా కోసిన చెక్క బద్దలు, తెరచాప గుడ్డ,
దారపుండ, అంకెలేసిన కాగితం.
పదిహేడో బద్ద లేదు.

నలభై ఏళ్లు ఫెర్రీ వంటింట్లో
ఉల్లిపాయలు తరిగిన చేతులు
వేడినీళ్లలో నానేసి చెక్కను బతిమాలాయి.
ఒంగనన్నది విరిగింది.
ఒంగింది తెల్లారేసరికి మళ్లీ నిక్కింది.
బట్టల క్లిప్పులన్నీ పడవకే,
తడి చొక్కాలు కుర్చీల మీద.

పదిహేడో చోట
చుట్టల పెట్టె మూత కోసి అతికించింది.
గరుకు కాగితం ఎంత రుద్దినా
పొగాకు వాసన పోలేదు.
తెరచాప మరీ తెల్లగా ఉందని
టీలో ముంచి ఆరేసింది.

ఏప్రిల్లో, మూడో పూత వార్నిష్ ఆరాక,
"అద్దాల బీరువాలో పెట్టు" అన్నాడు పక్కింటి ఎస్కిల్.
పెట్టలేదు.
రేవు మెట్ల మీద మోకరిల్లి
దారం కొస వేలికి చుట్టుకుని
నీళ్ల మీద వదిలింది.

ఒరిగింది. తేరుకుంది. గాలి అందుకుంది.
చుట్టల పెట్టె అతుకులోంచి
సన్నగా నీటి చార.

"ఇన్నాళ్లూ నాచేత
మూడు చెరువుల నీళ్లు తాగించావుగా!"
రాగ్న దారం లాగలేదు.
"ఇప్పుడు నువ్వొక్క గుక్క
సముద్రం తాగు."