చురుక్కుమనని చోట

మాఘంలో సముద్రపు తేమ భోగాపురం దాటి రాదు మాకు.
పడమటి గాలికి పెదాలు చిట్లుతాయి.
షెడ్డు షట్టరు ముట్టుకుంటే చాలు,
వేలికొసన చురుక్కు.
చీమ కుట్టినంత. నవ్వి వదిలేసేవాణ్ణి.

ఆ పొద్దు పోలినాయుడి పికప్ వచ్చింది.
రైల్ ప్రెషర్ సెన్సార్ పోయింది
(రైలంటే పట్టాల మీదిది కాదు,
డీజిల్ బిగువుగా నిలిచే ఉక్కు గొట్టం).
కొత్తది విశాఖ నుంచి బస్సు పార్సిల్లో దిగింది,
వెండిరంగు సంచీలో, సీలుతో.
సంచీ చింపి పారేశాను.
నైలాన్ టీషర్టుతో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి
దుమ్ముందేమోనని
మూడు పిన్నులూ బొటనవేలితో తుడిచాను.

ఏమీ చురుక్కుమనలేదు.

బండి ఒక్క తిప్పుకే అందుకుంది.
స్కానర్ అంతా బాగుందంది.
పోలినాయుడు డబ్బులిచ్చి, టీ కూడా తాగించాడు.

పంతొమ్మిదో రాత్రి ఫోను.
సాలూరు ఘాటీలో, అల్లం లోడుతో,
సగం మలుపులో బండి ఊపిరి బిగబట్టిందట.
తొక్కితే మూలుగుతుంది, కదలదు.
వెనక హారన్లు. పక్కన లోయ.
అతని గొంతులో నామీద కోపం లేదు,
నన్ను నిద్రపోనివ్వనిది అదే.

గొట్టంలో ఒత్తిడి ఉంది.
ఉందని చెప్పాల్సినదే
మాట తప్పింది.

మర్నాడు జూట్ మిల్లు షిఫ్టు దిగి
అసిరమ్మ పిన్ని ఇటొచ్చింది,
జుట్టులో ఇంకా నారపోగులు.
అంతా విని, నా టీషర్టు కొస పట్టుకుని
చిటపటలాడేలా లాగింది.
"నారకి నూన్నీళ్లు సల్లకుండా మరెక్కించినామంటే
పోగుకీ పోగుకీ పడదురా.
లెగిసి నిలబడతాది, మొకానికతుక్కుంతాది.
ముందు తడిపి, అప్పుడు ముట్టుకుంతాం.
నువ్వు పొడి సేత్తో ముట్టీసినావు."
కాసేపాగి,
"నీకు సురుక్కుమన్నాదేటి?"
లేదన్నాను.
"దానికన్నాది."

తర్వాత ట్రైనింగులో ఒకాయన చెప్పాడు:
మన చర్మానికి తెలియాలంటే వోల్టులు వేలల్లో కావాలట.
నువ్వుగింజంత చిప్పుకి కొన్ని వందలే ఎక్కువ.
పైగా వెంటనే చావదు.
వెంట్రుకకన్నా సన్నని గాయాన్ని లోపల దాచుకుని
రోజుల తరబడి నిజమే చెబుతుంది,
వేడికీ చలికీ, గతుకు గతుకుకీ
ఆ గాయం కొంచెం కొంచెం నోరు తెరుస్తుంది.

ఇప్పుడు నూలు చొక్కాయే వేస్తున్నాను.
ఉప్పూ బొగ్గూ వేసి పాతిన ఇనపకడ్డీ నుంచి
బల్లకో తీగ, నా మణికట్టుకో తీగ.
పనిలోని కుర్రాడు నవ్వుతాడు:
"ఏటన్నా, నిన్నెవరు కట్టీసినారు?"

పోలినాయుడికి ఇంకోటి నా డబ్బుతోనే వేశాను.
పాతది మేకుకి వేలాడుతోంది.
అప్పుడప్పుడు ఎండలో తిప్పి చూస్తాను,
ఎక్కడా మచ్చ లేదు. కొత్తదానిలాగే ఉంది.

చురుక్కుమనకుండా నేను ముట్టుకున్నవి
ఇంకా ఎన్ని
ఏ ఘాటీలెక్కుతున్నాయో.