అయితే మేమూ పట్టం

ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఇచ్చేశారని ఫోన్.
వెలగలంక రేవులో మోకాలి లోతు ఎర్రనీళ్ళలో
మైకు పట్టుకుని నేను.
డిప్యూటీ తహసీల్దారుని. నత్తివాణ్ణి.
"ప... ప... పడవ వచ్చింది" అనేలోపు
నీళ్ళు ఇంకో మెట్టు ఎక్కేశాయి.

మీరు నవ్వచ్చు. మా క్లాసు నవ్వలేదు.
మంచివాళ్ళై కాదు,
అలవాటు పడిపోయారు, అంతే.
హాజరు పిలుస్తుంటే నా పేరు దగ్గర
బడి మొత్తం ఆగేది
లాకుల్లో పడవ ఆగినట్టు.
లోపలి నీరూ బయటి నీరూ సమానమయ్యేదాకా
ఎవరూ తలుపు తోసేవారు కాదు.
సువర్ణకుమారి టీచరు సుద్దముక్క తిప్పుకుంటూ
కిటికీలోంచి చూసేది,
నా మాట కోసం కాదు, అవతలి పంటు కోసం అన్నట్టు.

పల్లంరాజు కాళ్ళు పుట్టినప్పటి నుంచీ పనిచేయవు.
కొబ్బరి దింపు తీసే వాళ్ళ నాన్న
రెండు దుంగలు చెక్కి గుమ్మానికి వాలుబల్ల వేశాడు.
దాని మీద జారేది మేమే.
జారుడుకో రేగుపండు వసూలు చేసేవాడు రాజు.

ఏసుబాబుకి వినపడదు.
గోదారికి వాడి సైగ: అరచెయ్యి నడుం దగ్గర అలలా.
వరదకీ అదే, కాకపోతే గొంతు దగ్గర.
పరీక్షల్లో కాపీ కొట్టే విద్యంతా
మాకు ఆ చేతులే నేర్పాయి.

చూపులేని ధనమ్మకి చుక్కల పుస్తకాలు వస్తాయన్నారు.
రాలేదు.
వంతులేసుకుని మేమే చదివేవాళ్ళం.
నా వంతుకి భూగోళం వస్తే
గంట కొట్టేసేవారు, నైలు నది ఇంకా సగంలో.
"పర్లేదు, నది కదా, మెల్లిగానే వస్తది" అనేది.
ఏడు తర్వాత తను రాలేదు.
హైస్కూలు ఏటికి అవతల.
ఈ ముక్క దాచేస్తే మిగతాదంతా అబద్ధమవుతుంది.

ఒక ఏడాది అంతర్వేది ఎక్స్‌కర్షన్.
డబ్బాల్లో పులిహోర, కొత్త రిబ్బన్లు.
లాంచీ సరంగు చక్రాల కుర్చీని ఎగాదిగా చూసి
"ఆయ్, ఇది పట్టదండి" అన్నాడు.
టీచరు గొంతు పెంచలేదు.
"అయితే మేమూ పట్టం."
నలభై రెండు మందిమి
రేవు మెట్ల మీదే పులిహోర తిని ఇళ్ళకొచ్చేశాం.
ఆవిణ్ణి తిట్టుకోనివాళ్ళు లేరు.
అందరికంటే ఎక్కువ రాజే తిట్టాడు:
"ఇక సముద్రం నావల్లే పోయిందంటార్రా!"
అప్పుడు నాకు అర్థం కాలేదు.
ఎవరు రైటో ఇప్పటికీ తేలలేదు.

ఈ రాత్రి పడవకి పన్నెండు మంది.
పక్షవాతం వచ్చిన సోమరాజుగారిని
నులకమంచంతో మోసుకొచ్చారు.
"మంచం పట్టదు సార్," పడవవాడు.
టీచరు మాట నాలిక చివర సిద్ధంగా ఉంది.
కానీ ఇది ఎక్స్‌కర్షన్ కాదు.
అందరం మెట్ల మీద కూర్చుంటే
మెట్లే ఉండవు తెల్లారేసరికి.

"మం... మంచం ముందు. మిగిలిన చోట్లో మనుషులు."

గట్టు మీద కేకలు, బూతులు.
మంచం చుట్టూ ఐదుగురే పట్టారు.
రెండో పడవ ఆలస్యమైతే ఎవరికి జవాబు చెప్పేవాణ్ణి?
కాలేదు.
అది నా తెలివి కాదు, గాలి.

డాబా మీద ఒకామె మైకు వైపు చూడటం లేదు.
టార్చి నా మొహానికే వేసుకుని
అరచెయ్యి గొంతు దగ్గర అలలా ఆడించాను.
పిల్లని చంకనేసుకుని దిగింది.

తెల్లవారుజామున శిబిరంలో పేర్లు పిలుస్తున్నాం.
ఒక పేరు దగ్గర ముసలమ్మ నోరు తెరిచింది,
మాట రావడం లేదు.
పెన్ను పట్టుకున్న కుర్రాడు
"నెక్స్ట్, సార్" అన్నాడు.

"ఆగు" అన్నాను.
ఆ ఒక్క మాట దగ్గర
నాకెప్పుడూ నత్తి రాదు.