నాలుగో మాట

నాగవేణి మేడం నాలుగు మాటలు చెప్పింది.
గొడుగు. ఎడ్లబండి. ఎరుపు. జామకాయ.
"కాసేపాగి అడుగుతా ఆదెమ్మా, గుర్తుంచుకో."

తర్వాత వేళ్ళు ఆడించమంది,
బొటనవేలికి చూపుడువేలు బిరబిరా తాకాలంట.
తర్వాత బల్ల మీద
పిడికిలి, అరచేయి, చేతి అంచు,
మళ్ళీ పిడికిలి, అరచేయి...
ఇరవై రెండేళ్ళు మార్కాపురం పలకల షెడ్డులో
రాయి చీల్చిన చెయ్యి ఇది.
తట్టి చూసి, లోపలెక్కడో ఉన్న బీటను
చప్పుడుతోనే పట్టేసేది.
ఇవాళ పిడికిలి తర్వాత ఏంటో తెలీక
గాల్లోనే ఆగిపోయింది.

రక్తం బాగుందంట.
పురుగు లెక్కకు దొరకనంత తగ్గిందంట.
పదకొండేళ్ళ మాత్రలు మరి.
అయితే మేడం,
పొదిలిలో చెల్లెలింటికని బస్సెక్కి
కొనకనమిట్లలో దిగి
సోడాబండి పక్కన ఎందుకు నిలబడ్డాను?
పప్పులో ఉప్పు రెండుసార్లేసి
మూడోసారి డబ్బా మూత తీస్తే
మనవరాలు చెయ్యి పట్టుకుంది.
మా ఆయన పేరు ఒక పూటంతా దొరకలేదు.
ఆయన పోయిన రోజు
వాకిట్లో నిలబడి జనం అన్న మాటలు మాత్రం
ఒక్కటీ పోలేదు.

పలక పని చేసినదాన్ని, నాకు తెలుసు.
బలపంతో రాసింది తడిగుడ్డకు పోతుంది.
మేకుతో గీసింది పోదు.

ఒంగోలు నుంచి నెలకోసారి వచ్చే నరాల డాక్టరు
తల ఫోటో వెలుగుకు పట్టి చూశాడు.
ఒక మాత్ర మార్చాడు.
నిద్ర పడుతుందా అన్నాడు.
చచ్చిపోదామని ఎప్పుడన్నా అనిపించిందా అన్నాడు.
"అనిపించింది సారూ.
బావి దాకా పోయాను.
ఎందుకు పోయానో మర్చిపోయి
నీళ్ళు తోడుకొని వచ్చాను."

ఆయన నవ్వలేదు.
పెన్ను పక్కన పెట్టాడు.
అప్పుడొచ్చింది ఏడుపు.
పదకొండేళ్ళుగా అందరూ నా నెత్తురునే అడిగారు,
నన్ను అడిగినోళ్ళు లేరు.

"ఇది నీ తప్పు కాదు, పిచ్చి కాదు,
జబ్బు మెదడు దాకా పోతే ఇట్లా అవుతుంది.
మందుతో కొంత తగ్గొచ్చు.
మిగతాదానికి ఉపాయాలున్నాయి" అన్నాడు.
కొంత అన్నాడు. అంతా అనలేదు.
అందుకే నమ్మాను.

ఇప్పుడు గూట్లో పలకుంది,
షెడ్డులో అంచు విరిగిందని పారేయబోతే తెచ్చుకున్నది.
రాత్రి తొమ్మిదింటికి మాత్ర, మాత్ర మింగాక గీత.
పొద్దున తుడుపు.
నిన్న గీత ఉంది, మింగినట్టు గుర్తులేదు.
డబ్బాలో మాత్రలు లెక్కపెట్టాను. సరిపోయాయి.
నా చేతి గీతను నేనే నమ్మాలి,
కొత్త కోడల్ని నమ్మినట్టు,
కొంచెం కొంచెంగా.

ఆ రోజు మేడానికి మూడు మాటలే చెప్పాను.
నాలుగోది నెల తర్వాత దొరికింది,
కిక్కిరిసిన బస్సులో, కిటికీ పక్కన.
"జామకాయ!" అని అరిచేశాను.
కండక్టరు వెనక్కి తిరిగి
"యాడ దిగాలమ్మా నువ్వు?" అన్నాడు.

పొదిలి, అన్నాను.
అన్నాక కూడా
టికెట్టు తీసి ఒకసారి చూసుకున్నాను.