పుల్లటి వాసన

తార్తు నుంచి వచ్చిన బస్సు అడవి మొదట్లో మమ్మల్ని దించింది.
పదకొండు మంది పిల్లలు. ఇరవై రెండు రబ్బరు బూట్లు.
ఊకు బూట్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకి.
సరిచేద్దామని వంగితే కాళ్లు లాక్కున్నాడు.
రెండూ అలిగి చెరో దిక్కు చూస్తున్నాయట,
ఇప్పుడు కదిలించకూడదట.

రాత్రి కురిసిన వానని
భూర్జ చెట్లు తీరిగ్గా రాలుస్తున్నాయి.
"అదిగో వడ్రంగిపిట్ట!" అన్నాను.
ఒక్కరూ తలెత్తలేదు.
నాలుగేళ్లకి ఆకాశం మరీ దూరం,
నేలయితే ముక్కు కిందే.

దారి మధ్య వెల్లకిలా ఒక పేడపురుగు
ఆరు కాళ్లతో గాలిని గోకుతోంది.
పొట్టంతా తళతళా నీలం.
మిర్తెల్ పుల్లతో తిప్పింది. పైన ఉత్త నలుపు.
"మంచి చొక్కా లోపల తొడుక్కుంది"
అంది, ఎవరికీ చెప్పొద్దన్నట్టు.

కుళ్లిన దుంగ కింద ఇంకేదో,
బూడిద రంగుది, కాళ్లే కాళ్లు.
ఊకుకి పది దాకానే వచ్చు.
పది, ఆ తర్వాత మళ్లీ ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఆరుంటేనే కీటకం, ఇది కాదన్నాను.
"ఆ సంగతి దానికి తెలుసా?"
పుస్తకంలో అది లేదు.

చివరికి చీమల గుట్ట.
నా నడుమెత్తు పైన్ సూదుల పోగు,
దూరం నుంచి నిద్రపోతున్నట్టుంది,
దగ్గరికెళితే మసులుతోంది.
నీలి గంటపూవు ఒకటి తెంపి దాని మీద పట్టుకున్నాను.
పొట్టలు వంచి చిమ్మాయి, కంటికి కనపడనంత సన్నగా.
పూవు మీద ఒక చుక్క గులాబీ, మరో చుక్క,
పిల్లలు ఊపిరి మరిచారు.
ముక్కు దగ్గర పెడితే గుప్పుమంది
ఊరవేసిన దోసకాయల సీసా మూత తీసినట్టు.
అందరూ మళ్లీ మళ్లీ అన్నారు.
లేలో మాత్రం వెనక్కి జరిగింది.
"రంగు కాదు అది. పొమ్మంటున్నాయి."

నేను పూవుని జేబులో పెట్టుకున్నాను,
తప్పు చేసినదాన్లా.

బస్సు కదిలి కొంచెం దూరం పోయాక
ఊకు మోకాలి మీద ఒక చీమ.
వాడు అరవలేదు, దులపలేదు,
డ్రైవరు ఎందెల్ భుజం తట్టి చూపించాడంతే.
ఎందెల్ బ్రేకు వేశాడు.
అలిగిన బూట్లతో తప్పటడుగులు వేస్తూ
దిగి, రోడ్డు పక్క నాచు మీద దాన్ని దించి,
పుల్లతో మెల్లగా నెట్టి
మొహం అడవి వైపు తిప్పాడు.

ఎక్కాక మళ్లీ లెక్కపెట్టాను.
పదకొండు మంది.
చేతులు వాసన చూసుకుంటూ.